ముప్పావుగంట జట్టు

కోవూరు చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు గృహప్రవేశానికి రెండు నెలల ముందే బెన్హర్‌కి ఫోన్ చేసి పెట్టుకుంటారు. తలుపులు, కిటికీలు, మంచాలు, చెక్క ఏదైనా సరే, పాలిష్ అతనే పట్టాలి. నెల్లూరు నుంచి మనుషుల్ని వెంటేసుకొచ్చి రెండు రోజుల్లో ఇల్లంతా తళతళలాడించి వెళ్లిపోయేవాళ్లు లేకపోలేదు. అయినా మంచి టేకు వాడినవాళ్లు బెన్హర్ కోసమే ఆగుతారు. అతను తొందరపడడని వాళ్లకి తెలుసు. చెక్కలో సందులకి లప్పం పెట్టి, ఎమరీ కాయితంతో రుద్ది, దుమ్ము తుడిచి, సీలరు ఒక కోటింగు కొడతాడు. అది ఆరాక మళ్లీ రుద్ది ఇంకొకటి కొడతాడు. ఆరకముందు దాన్ని వేలితో కూడా ముట్టుకోడు.

ఒక్కో కోటింగు ఆరడానికి ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంటే అతని జీవితంలో పెద్ద చిక్కు. పని లేదు కదా అని ఎక్కడికైనా వెళ్దామంటే కుదరదు. ఎవరో ఒకరు వచ్చి బాగా వచ్చిందా అని అరచేత్తో నిమురుతారు. పక్కింటి కోడిపిల్ల వచ్చి ఆనుకుంటుంది. తలుపు ముందు కాపలా కూర్చోవాల్సిందే. రోజుకి మూడు నాలుగుసార్లు, ఇరవై ఐదేళ్లుగా, అలా కూర్చునే ఉన్నాడు. అందులో ఇరవై ఏళ్లు బీడీలతో గడిచాయి. ఒకసారి ఇందుకూరుపేటలో ఒక ఇంట్లో ఆర్పకుండా పారేసిన బీడీ థిన్నరు గుడ్డ మీద పడింది. మంట నడుమెత్తున లేచింది. కనుబొమలు కాలాయి గానీ కన్నులు దక్కాయి. ఆ రోజుతో బీడీ మానేశాడు. మానడం కష్టం కాలేదు, ఆ ఖాళీని ఏం చేసుకోవాలో తెలియకే కష్టపడ్డాడు.

నాయుడుపేటలో అతని బావమరిది కిషోర్ బాబుకి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. బావ పడే అవస్థ విని ఒకరోజు ఫోన్ తీసుకుని ఒక ఆట ఎక్కించి ఇచ్చాడు.

"సెవెన్ హార్బర్స్ అంటారు బావా దీన్ని. ఏడు రేవులుంటాయి, మధ్యలో అంతా సముద్రం. నువ్వు అందులో ఒక మనిషివి. పడవ నడుపుతావో, కొట్లాడతావో, వ్యాపారం చేస్తావో నీ ఇష్టం. కనిపించే వాళ్లంతా నిజమైన మనుషులే. ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చుని ఆడుతుంటారు."

"గెలిచేది ఎట్టా?"

"గెలవడాలేమీ లేవు. తిరగడమే."

ఆ మాట బెన్హర్‌కి నచ్చింది. ఆటలో పని ఎంచుకోమంటే సరంగు పని ఎంచుకున్నాడు. పడవకి దారి చూపించేవాడన్నమాట. పేరు రాయమంటే ఏమీ తోచక 'పాలిష్' అని రాశాడు.

మొదటి నెల అతను ఒకటో రేవు దాటలేదు. సీలరు కొట్టి, గుడ్డకి థిన్నరు అద్ది వేళ్లు తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, అప్పుడు ఫోన్ పట్టుకునేవాడు. చిన్న పడవ వేసుకుని ఒడ్డు వెంబడే పోయేవాడు. ఎక్కడ లోతు, ఎక్కడ రాళ్లు, గాలి ఏ పూట ఎటు తిరుగుతుంది, ఇవన్నీ చూసుకునేవాడు. పెద్ద ఓడలవాళ్లు దూసుకుపోతుంటే పక్కకి తప్పుకునేవాడు. ముప్పావుగంట కాగానే పడవ కట్టేసి, ఫోన్ జేబులో పెట్టి, తలుపు దగ్గరికి లేచేవాడు. బయటికొచ్చాక ఆట గురించి ఆలోచన ఉండేది కాదు.

అతని భార్య మెర్లిన్ కోవూరులోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చూస్తుంది. మొదట్లో ఆమెకి ఇది మింగుడుపడలేదు.

"నలభై మూడేళ్లొచ్చి పడవలాట ఏంది మీకు? మా స్కూల్లో రెండో తరగతి పిల్లలు ఆడతారు ఇట్టాంటివి."

"బీడీ కంటే నయం గదా మెర్లీ."

చొక్కాలు ఉతికేటప్పుడు పొగ వాసన రావడం లేదని ఆమెకీ తెలుసు.

ఆటలో జట్టుకట్టినవాళ్లని గిల్డ్ అంటారు. బెన్హర్ ఒంటరిగా తిరుగుతున్న నాలుగో నెలలో పెన్నా ఫ్లీట్ అనే గిల్డ్ నుంచి పిలుపొచ్చింది. దాని నాయకుడు గిరిబాబు నెల్లూరు కుర్రాడు. డిగ్రీ అయిపోయి బ్యాంకు పరీక్షలకి చదువుతున్నానని ఇంట్లో చెప్పి రోజుకి ఎనిమిది గంటలు ఆట ఆడేవాడు. రాళ్ల మధ్య నుంచి పడవ తీసుకెళ్లడంలో 'పాలిష్' అనే పేరున్నవాడికి మంచి చెయ్యి ఉందని ఎక్కడో చూశాడు.

"అన్నా, నీలాంటి సరంగు మాకు లేడు," అన్నాడు మైకులో. "మా గిల్డ్‌లోకి రా. జిల్లాలో మాదే పెద్దది. ముప్పై రెండు మంది ఉండాం."

ఆ వయసులో ఆ మాట ఎవరికి చేదుగా ఉంటుంది? బెన్హర్ చేరాడు. చేరాక రూల్స్ చెప్పారు. రోజుకి రెండు గంటలు తగ్గకుండా ఆడాలి. ప్రతి శనివారం పొద్దున పదకొండు గంటలకి ముట్టడి. అంటే వేరే గిల్డ్ కోట మీదికి ఓడలతో పోవడం. మూడు గంటలు పడుతుంది, మధ్యలో లేవకూడదు. రెండు వారాలు వరసగా రాకపోతే పేరు తీసేస్తారు.

రోజుకి మూడు ముప్పావుగంటలు కలిపితే రెండు గంటల పైనే అవుతుంది కదా అని బెన్హర్ లెక్క వేసుకున్నాడు. శనివారం సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు. ముట్టడిలో ముందు నడిచే ఓడకి అతనే సరంగు. మైకులో ముప్పై గొంతులు "పాలిష్ అన్నా, ఎటు పోదాం" అని అడుగుతుంటే అతని వెన్ను తనంతట తనే నిటారుగా అయ్యేది. ఇళ్ల యజమానులు అతని పనిని మెచ్చుకుంటారు గానీ ఎటు పోదామని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

నెమ్మదిగా ముప్పావుగంట గంట అయింది. ఆరిన కోటింగు ఆరినట్టే ఉంటుంది, పావుగంట ఆలస్యమైతే ఏం పోతుందిలే అనుకున్నాడు. రెండు రోజుల పని మూడు రోజులైంది. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరవకుండా ఇంటికి తెచ్చిన రోజులున్నాయి. మెర్లిన్ ఆ డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేసేది.

నవంబరులో చంద్రమౌళి గారి ఇంట్లో పని పడింది. ఆయన హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా అద్దె ఇళ్లలో గడిపి, చివరికి కోవూరులో ఇల్లు కట్టుకున్నాడు. సింహద్వారానికి టేకు ఆయనే చెన్నై దాకా వెళ్లి దగ్గరుండి కోయించుకొచ్చాడు. చెక్కలో గీతలు నీటి అలల్లా ఉన్నాయి.

ఆ శనివారం పొద్దుటి నుంచీ ముసురు. నెల్లూరు వైపు నవంబరు వానల్లో పాలిష్ పనిలో ఉన్నవాడెవడైనా తెలుసుకునే మొదటి సంగతి ఒకటుంది. గాలిలో తేమ ఉన్నప్పుడు కోటింగు కొడితే అది తెల్లగా మంచు పట్టినట్టు మసకబారుతుంది. కిటికీలు మూసి, గది వేడెక్కేదాకా ఆగి కొట్టాలి. లేదా ఆ రోజుకి పని మానుకోవాలి. బెన్హర్‌కి ఇది నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ పదకొండుకి ముట్టడి ఉంది. పదిన్నరకి చివరి కోటింగు కొట్టేస్తే అది ఆరుతుండగా ముట్టడి అయిపోతుంది, రెండూ జరుగుతాయి. అలా అనుకుని స్ప్రే గన్ తీసుకున్నాడు. కొట్టేసి, పక్క గదిలో సిమెంటు బస్తా మీద కూర్చుని ఫోన్ తెరిచాడు.

ఆ రోజు ముట్టడి బాగా సాగింది. కోట పడింది. మైకులో అరుపులు, కేకలు. రెండు గంటలకి బెన్హర్ లేచి వచ్చేసరికి తలుపు మొత్తం పాలు చల్లినట్టుంది. కిటికీ గాలికి తెరుచుకుని జల్లు లోపలికి కొట్టింది. ఎడమ రెక్క మీద రెండు ఈగలు అంటుకుని ఆరిపోయాయి. నీటి అలల్లాంటి గీతలు ఒక్కటీ కనబడటం లేదు.

అప్పుడే చంద్రమౌళి గారు గొడుగు మూసుకుంటూ వచ్చాడు. తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు. కోప్పడే మనిషి కాదు.

"బెన్హర్, ఇది నీ పని మాదిరి లేదే," అన్నాడు.

"నాదే సార్. నేనే పాడుచేసినా. మళ్లీ మొదటి నుంచీ చేస్తా."

"వానవల్లనా?"

వాన మీదికి తోసేయడం సులువు. పెద్దాయన ఆ దారి తనే చూపిస్తున్నాడు కూడా. బెన్హర్ మాత్రం, "కాదు సార్. నేను చూసుకోలా," అన్నాడు.

ఆ తలుపు మీదున్నదంతా కరిగించి, గీకి, రుద్ది, మళ్లీ చెక్క రంగు తేలేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చాడు. వేళ్ల చర్మం ఊడింది. కోటింగుకి కోటింగుకి మధ్య తలుపునే చూస్తూ కూర్చున్నాడు. ఆట మానేయాలా అని తనని తనే అడిగాడు. ఆలోచించినకొద్దీ అతనికి ఒకటి తేటపడింది. మొదటి నాలుగు నెలల్లో ఆట అతని పనిని ఏ రోజూ చెడగొట్టలేదు. ఆట అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. అప్పుడు ముప్పావుగంట తన చేతిలో ఉంది. ఇప్పుడు శనివారం పదకొండు ఎవరి చేతిలోనో ఉంది. తేడా అంతే.

ఐదో రోజు తలుపు అప్పజెప్పి, ఇంటికొచ్చి, గిరిబాబుకి ఫోన్ చేశాడు.

"గిరీ, ఇంక శనివారం ముట్టడికి నేను రాలేను. రోజుకి ముప్పావుగంట, రెండు ముప్పావుగంటలు, అంతే ఆడతా. ఆ టైములో ఏ పని చెప్పినా చేస్తా."

"అట్టా కుదరదన్నా. ముందు ఓడకి నువ్వే గదా సరంగువి."

"ఇంకొకరికి నేర్పిస్తా. దారులన్నీ చెప్తా."

"అన్నా, ఒక మాట చెప్తా, ఏమనుకోవాకు. ఈ ఆట టైమున్నోళ్లది. అప్పుడప్పుడు వచ్చి పొయ్యేవాళ్లకి వేరే ఆటలుండాయి, రంగు గోళీలు కలిపేవి. ఇది ఆడితే పూర్తిగా ఆడాల. లేకపోతే మానుకోవాల."

"ఆ రెండే ఉండాయని నేననుకోలా గిరీ."

రెండు వారాలు గడిచాక అతని పేరు పెన్నా ఫ్లీట్ నుంచి తీసేశారు. బెన్హర్‌కి కోపం రాలేదు. రూలు ముందే చెప్పారు కదా. కానీ గిరిబాబు అన్న మాట మాత్రం అతని లోపల ఎక్కడో అరిగీ అరగనట్టు ఉండిపోయింది. టైము లేనివాడికి చోటు లేదంటే, ఆ సముద్రంలో అంత చోటు ఎందుకు పెట్టినట్టు?

డిసెంబరులో ఒక మధ్యాహ్నం రెండో రేవులో నోటీసు బోర్డు మీద అతను తెలుగులో నాలుగు ముక్కలు రాసిపెట్టాడు. 'రోజుకి ముప్పావుగంట మాత్రమే ఆడేవాళ్ల కోసం. మధ్యలో పోవాల్సొస్తే పోవచ్చు. ఎక్కడికి పోయావని ఎవరూ అడగరు.'

వారం దాకా ఎవరూ రాలేదు. ఎనిమిదో రోజు రేవతి వచ్చింది. నాయుడుపేటలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షచేసే ల్యాబులో పని ఆమెది. రైతులు సీసాల్లో నీళ్లు తెస్తారు. మందు కలిపి రంగు తేలేదాకా అరగంట కూర్చోవాలి. ఆ అరగంటల్లో ఆడుతుంది. ఆమె తర్వాత మాథ్యూ. నెల్లూరులో ఒక ఆసుపత్రి ముందు ఆటో స్టాండులో వంతు వచ్చేదాకా ఆడతాడు, వంతు వస్తే చెప్పకుండానే మాయమవుతాడు. ఆ తర్వాత వచ్చినాయన మొదట్లో మైకులో మాట్లాడేవాడు కాదు. ఒకరోజు గొంతు విప్పితే తెలిసింది, అరవై ఒక్క ఏళ్ల వెంకయ్య, కోవూరు అవతల మాగాణి రైతు. తెల్లవారుజామునే పొలానికి పోయి మోటారు వేసి గట్టు మీద కూర్చుంటాడట. మనవరాలు ఫోన్లో ఎక్కించి మరిచిపోయిన ఆటని ఆయన పట్టుకున్నాడు. కిషోర్ బాబు ఐదోవాడు. అతను పాలిష్ బావ కోసం వచ్చాడు, అంతే.

జట్టుకి పేరు పెట్టమంటే రేవతి "ముప్పావుగంట అని పెట్టేద్దాం అన్నా" అంది. అదే ఖాయమైంది.

రూలు ఒక్కటే. హాజరు లేదు, గంటల లెక్క లేదు. ఎవరైనా ఫలానా టైముకి వస్తానని మాటిస్తే రావాలి. రాలేకపోతే ముందే చెప్పాలి. బెన్హర్ ఆ ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. పని చేసే మనుషులకి అది కొత్తగా అనిపించలేదు.

వాళ్లు పెద్ద యుద్ధాలేమీ చేయలేదు. ఒకరు మూడో రేవు దాకా సరుకు తీసుకెళ్లి పడవ కట్టేస్తే, సాయంత్రం ఇంకొకరు వచ్చి అక్కణ్ణించి నాలుగో రేవుకి తోలుకెళ్లేవారు. గిరిబాబు వాళ్లు ఒక పూటలో చేసేది వీళ్లకి నాలుగు రోజులు పట్టేది. నాలుగు రోజుల్లో అయ్యేది.

ఫిబ్రవరిలో ఆటలో ఒక పోటీ పెట్టారు. సముద్రంలో ఒక్కో జట్టుకి ఒక్కో రాతిగుట్ట ఇచ్చారు. గుట్ట మీద ఒక దీపస్తంభం. పన్నెండు రోజులు దాన్ని ఆరనివ్వకూడదు. నూనె రోజుకి మూడుసార్లు పోయాలి. పొద్దున ఆరు నుంచి ఏడు లోపల ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు లోపల ఒకసారి, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది లోపల ఒకసారి. నూనె జాడీ ఇద్దరు కలిసి మోయాలి. రేవు నుంచి గుట్టకి పడవలో పోయి పోసి రావడానికి ఇరవై నిమిషాలు. ఒక్కసారి దీపం ఆరితే ఆ జట్టు పోటీలోంచి పోయినట్టే.

కిషోర్ బాబు నిరాశగా మాట్లాడాడు. "ముప్పై మంది ఉన్న గిల్డ్‌లకి ఇది చిటికెలో పని బావా. మనం ఐదుగురం."

"ఇందులో ముప్పై మంది ఏం చేస్తారు? పూటకి ఇద్దరు చాలు గదా," అన్నాడు బెన్హర్. "పొద్దున ఆరింటికి ఎవరు మేలుకొని ఉంటారు?"

"నేను నాలుగుకే లేస్తా అబ్బయ్యా," అన్నాడు వెంకయ్య.

"ఆరింటికి నేను స్టాండులో ఉంటా అన్నా. ఏడు దాటితేగానీ బేరాలు రావు," అన్నాడు మాథ్యూ.

మధ్యాహ్నం ఒంటిగంటకి బెన్హర్‌ది భోజనం వేళ, రేవతిదీ అంతే. రాత్రి కొట్టు కట్టేశాక కిషోర్ బాబు, అతనికి తోడు ఆ రోజు ఎవరికి వీలైతే వాళ్లు. రెండు నిమిషాల్లో పన్నెండు రోజులూ సర్దుకున్నారు. ఎవరి బతుకులోనూ ఏదీ అటు ఇటు జరపాల్సిన పని పడలేదు.

పెన్నా ఫ్లీట్ దీపం ఐదో రోజు పొద్దున ఆరిపోయింది. ఆ రోజు ఆరు నుంచి ఏడు దాకా ముప్పై రెండు మందీ పడుకునే ఉన్నారు. ఒకళ్లు చూసుకుంటారులే అని ఒకళ్లు అనుకున్నారు.

తొమ్మిదో రోజు బెన్హర్ వాళ్లకీ గండం వచ్చింది. పొద్దున పదిన్నరకి రేవతి ఫోన్ చేసింది.

"అన్నా, ముందే చెప్పాలని చేస్తుండా. చెరువుల్లో రొయ్య చస్తుందంట. ల్యాబు ముందు పాతిక మంది రైతులు నిలబడి ఉండారు. ఈ మధ్యాహ్నం నేను తలెత్తలేను."

"మంచి పని చేసినావమ్మా, ముందే చెప్పి. నీ పని చూసుకో. ఇక్కడ సంగతి నేను చూస్తా."

కిషోర్ బాబుకి చేస్తే కొట్టులో జనం. మాథ్యూ పేషెంటుని ఎక్కించుకుని గూడూరు దాకా పోతున్నాడు. వెంకయ్య వడ్లు తోలుకుని మిల్లుకి వెళ్లాడు, ఫోన్ కలవలేదు. బెన్హర్ కాసేపు ఆలోచించి మెర్లిన్‌కి చేశాడు.

"మెర్లీ, నీకు భోజనానికి ఎప్పుడు వదులుతారు?"

"పన్నెండు ముక్కాలుకి. ఏం, డబ్బా మరిచిపోయినారా?"

"డబ్బా ఉండాది. నీతో ఒక పనుంది. నీ ఫోన్లో ఆట ఎక్కించి, ఒంటిగంటకి పడవ తొయ్యాల."

"నాకు నిజం నీళ్లలోనే ఈత రాదు," అంది మెర్లిన్.

"ఇందులో ఈతతో పని లేదు. నేను పక్కనే ఉంటా."

"అది ఆరిపోతే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. మాకే, ఎనిమిది రోజులు కాపాడినామే అని ఉంటుంది. ఐదుగురం మాట ఇచ్చుకున్నాం."

ఆమె పన్నెండు యాభైకి స్కూలు స్టోర్ రూములో నోటు పుస్తకాల కట్టల మధ్య కూర్చుని ఫోన్ చేసింది. పేరు ఏం పెట్టాలని అడిగింది. ఏదో ఒకటి పెట్టమంటే 'ఆఫీస్ మేడమ్' అని పెట్టింది. జట్టులోకి తీసుకుని, రేవులో జాడీ దగ్గరికి నడిపించి, చెరో వైపు పట్టుకుని పడవ ఎక్కేసరికి ఒంటిగంట ఐదు. సరంగు బెన్హరే గానీ తెడ్డు ఆమె వెయ్యాలి. మొదటిసారి పడవ గుండ్రంగా తిరిగి రేవుకే వచ్చింది. రెండోసారి రాయికి కొట్టుకుంది.

"ఎడమ వైపు నొక్కు మెర్లీ. నీ ఎడమ."

"నా ఎడమే నొక్కినా. పడవకి ఎడమ ఏదో నాకెట్టా తెలుస్తుంది?"

"నా చొక్కా కనబడుతుందా? ఆకుపచ్చది. అటు."

"మీరు ఆటలోనన్నా మంచి చొక్కా వేసుకోవచ్చు గదా."

అతను ఆరుతున్న కిటికీ రెక్కల మధ్య కూర్చుని ఒక్కడే నవ్వాడు. తాపీ పనివాళ్లు తిరిగి చూశారు. గుట్ట మీదికి జాడీ మోసి, నూనె పోసి, దీపం నిలబడేసరికి ఒంటిగంట ఇరవై ఏడు. మెర్లిన్ మూడు నిమిషాల్లో అన్నం తిని సీట్లోకి వెళ్లింది. బెన్హర్ ఫోన్ పెట్టేసి, కోటింగుని వెలుతురు వైపు నుంచి వంగి చూశాడు. ఇంకా పది నిమిషాలు కావాలి. కూర్చున్నాడు.

పన్నెండు రోజులూ దీపం వెలిగింది. చివర్లో వేసిన జాబితాలో ముప్పావుగంట పేరు కూడా ఉంది. నూనె ఎంత త్వరగా పోశారన్న లెక్కలో వాళ్లకంటే ముందు పదమూడు జట్లున్నాయి. మొదటి మూడింటికీ పెద్ద ఓడలిచ్చారు. వీళ్ల పడవ ముక్కుకి ఒక లాంతరు తగిలించారు. వెంకయ్య దాన్ని రోజుకొకసారి దగ్గరికి పోయి చూసుకుంటానని చెప్పాడు.

రెండు రోజుల తర్వాత గిరిబాబు ఫోన్ చేశాడు.

"అన్నా, అడగాలంటే సిగ్గుగా ఉండాది గానీ, మీవాళ్లు పన్నెండు రోజులు పొద్దున్నే ఎట్టా లేచినారన్నా?"

"ఎవరూ ప్రత్యేకంగా లేవలా గిరీ. అప్పటికే లేచి ఉన్నోళ్లని పెట్టుకున్నాం."

అప్పుడు గిరిబాబు తన ఆలోచన చెప్పాడు. ఎండాకాలంలో ఇలాంటిదే ఇంకో పోటీ ఉంది. రెండు జట్లూ కలిస్తే రాత్రిపూట కష్టమంతా తనవాళ్లది, పగటి కాపలా బెన్హర్ వాళ్లది.

"హాజరు అడగనన్నా. నీ రూలే నడుస్తుంది."

"మావాళ్లని అడిగి చెప్తా. ఒకటి మాత్రం ఇప్పుడే చెప్తుండా. మేం ముట్టడికి రాం. పిలవాకు."

"పిలవను."

జట్టులో దాదాపు అందరూ సరేనన్నారు. మాథ్యూ ఒక్కడే కొన్నాళ్లు చూద్దామన్నాడు. అతనికి గిల్డ్‌ల మీద నమ్మకం తక్కువ. చూద్దామనే నిర్ణయించారు.

కిషోర్ బాబు కొట్టుకి వచ్చే వాళ్లలో కొందరు ఆ ఆట గురించి అడుగుతుంటారు. మాకు అంత తీరిక లేదు, మాకు పనికొస్తుందా అని. అతను బావకి ఫోన్ కలిపి ఇస్తాడు. బెన్హర్ ఏదీ దాచడు.

"ఇనుపకోట అని ఒకటుంది. అందులోకి పోవాలంటే ఆరు గంటలు కదలకుండా ఆడాల. నేను చూడలా, చూడను కూడా. అది కావాలనుకుంటే మీకు సరిపోదు. మిగతా సముద్రమంతా సరిపోతుంది. ఎంతసేపు ఆడాలో ఇంటికాడే అనుకుని రండి. లోపలికొచ్చాక అనుకోవాకండి."

ఈ మధ్య విడవలూరు దగ్గర ఒక చర్చిలో బల్లలకి పాలిష్ పట్టే పని ఒప్పుకున్నాడు. అరవై బల్లలు. ఒక వరస కొట్టి వచ్చి మెట్ల మీద కూర్చుని ఫోన్ తెరిస్తే వాళ్ల పడవ రేవులో లేదు. రేవతి తీసుకెళ్లిందేమోనని అడిగాడు. తను కాదంది. పటంలో వెతికితే పడవ ఎక్కడో ఐదో రేవు దగ్గర చుక్కలా కనబడింది. ఐదో రేవుకి బెన్హర్ ఇంతవరకూ పోలేదు. పడవలో ఒక్క మనిషే ఉంది, ఆఫీస్ మేడమ్.

అతను ఫోన్ చేశాడు.

"అక్కడికెట్టా పోయినావు మెర్లీ?"

"పరీక్షలు గదా, ఈ వారం మాకు మధ్యాహ్నం గంట ఖాళీ. రోజూ కొంచెం కొంచెం వచ్చినా," అంది మెర్లిన్. "ఇక్కడ నీళ్లు భలే ఉండాయి. రండి, దారి చెప్తా."

అతను గడియారం చూసుకున్నాడు. ఇంకా ముప్పై నిమిషాలుంది. చిన్న పడవ ఒకటి విప్పుకుని, ఆమె చెప్పిన వైపు తిప్పాడు.